ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపించండి

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, ఇవి కాక థైరాయిడ్ మాత్ర రోజూ వాడుతోంది. స్ట్రిప్పులోంచి తీయడం కష్టంగా ఉందంటే అన్నీ తీసి ఒకే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. మోకాళ్ల నొప్పికి, ఇదివరకు నాన్నకు రాసిన డైక్లోఫెనాక్ మిగిలి ఉంటే నెల రోజులుగా అదే వేసుకుంటోంది. ఫ్రిజ్‌లో పెడితే మాత్రలు ఎక్కువ కాలం పాడవకుండా ఉంటాయా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉండవు. పెట్టె మీద 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమని రాసి ఉంటేనే ఫ్రిజ్. మామూలు మాత్రలకు తేమ, వేడి తగలని అల్మరా చాలు.

నన్ను కంగారు పెట్టింది మీరు మాటవరసకు రాసిన మోకాళ్ల నొప్పి సంగతి. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. అమ్మగారి బీపీ మాత్రలో ఉన్న రెండు మందులకూ ఇది తోడైతే కిడ్నీల మీద మూడు వైపుల నుంచీ ఒత్తిడి పడుతుంది. పైగా మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. నొప్పి తగ్గుతోంది కదా అనుకుంటారు, లోపల జరిగేది చాలాసార్లు బయటికి తెలియదు. నాన్నగారికి రాసిన మందు నాన్నగారి వయసు, జబ్బులు, రిపోర్టులు చూసి రాసింది. నొప్పి ఒకటే కావచ్చు, కిడ్నీలు వేరు కదా! ఈ ఒక్క మాట రోజూ ఎంతమందికో చెబుతూనే ఉన్నాను.

కాబట్టి డైక్లోఫెనాక్ ఈరోజే ఆపించండి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. రెండు మూడు రోజుల్లో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం, యూరిన్ పరీక్షలు చేయించి, వాటితో ఆమె డాక్టర్‌ను కలవండి. ఈలోగా పాదాలు వాచినా, మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసం అనిపించినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ సరిపోవచ్చు, కానీ లివర్ సమస్య ఉందో లేదో నాకు తెలియదు కాబట్టి మోతాదు డాక్టర్‌నే అడగండి. ఆమెను చూడకుండా నేను ఇంతకుమించి చెప్పడం సరికాదు.

ఇక ఆ డబ్బా. స్ట్రిప్పు రేకు ఉన్నదే మాత్రకు తేమ తగలకుండా. విప్పి పోశాక దాని మీది ఎక్స్‌పైరీ తేదీని నమ్మలేం. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఇలాగే విడి మాత్రలు గుప్పిట్లో పోసుకుని చూపించారు. థైరాయిడ్‌దీ, షుగర్‌దీ రెండూ తెల్లగా, గుండ్రంగా, కందిగింజ కంటే కాస్త పెద్దగా ఉన్నాయి. పరగడుపున థైరాయిడ్ మాత్ర అనుకుని షుగర్ మాత్ర వేసుకుంటున్నారట. తెల్లారి చెమటలు, వణుకు ఎందుకో అప్పుడు అర్థమైంది. మీ డబ్బాలో ఏది ఏదో కచ్చితంగా చెప్పలేని మాత్రలుంటే వాడొద్దు, కొత్తవి తెచ్చుకోండి. వేళ్లకు పట్టు లేక కష్టమవుతుంటే వారానికి సరిపడా గదులుండే డబ్బా కొని, స్ట్రిప్పులు దగ్గర పెట్టుకుని మీరే సర్దండి. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే పేరు, తేదీ ఉన్న వైపును చివరిదాకా ఉంచండి. ఇంటికి చిన్నపిల్లలు వస్తుంటే ఆ డబ్బా చేతికి అందని ఎత్తులో ఉండాలి. కొన్ని షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పసివాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే పట్టుకెళ్లకండి. ఫ్రిజ్‌లోని డబ్బా, నాన్నగారి మిగిలిన స్ట్రిప్పు, నొప్పికి రాసుకునే ఆయింట్‌మెంట్ ఉంటే అది కూడా ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. నెల రోజుల్లో ఎన్ని డైక్లోఫెనాక్‌లు వేసుకున్నారో అమ్మగారిని అడిగి ముందే రాసుకోండి. డాక్టర్ కోప్పడతారని తగ్గించి చెప్పొద్దని ఆమెకు చెప్పండి.