లైబ్రరీ సైన్సా, డేటా ఎనలిటిక్సా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ పూర్తిచేసింది. లైబ్రరీ సైన్స్ చదివి స్కూల్ లైబ్రేరియన్ అవుతానంటోంది. ప్రస్తుతం ఒక స్కూల్లో జీతం లేకుండా పనిచేస్తోంది. నాలుగు నుంచి ఆరో తరగతి పిల్లలకు నాన్‌ఫిక్షన్ పుస్తకాల జాబితా తయారుచేయమన్నారట, రాత్రుళ్లు కూర్చుని అదే పని. ఏ పుస్తకం ఏ తరగతికో యాప్‌లే చెప్పేస్తుంటే ఇక ఈ ఉద్యోగాలు ఎక్కడుంటాయి? డేటా ఎనలిటిక్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. యాప్‌ల మాట పైపైది. ‘ఇంత చదివించి పుస్తకాలు సర్దే పనికా?’ అని నలుగురూ అంటారేమోనన్నది అసలు దిగులు. కోర్సు, అర్హతల సంగతి మీరు ఈపాటికే కనుక్కుని ఉంటారు కాబట్టి ఆ పని ఏమిటో చెబుతాను.

యాప్ ఇచ్చే లెవెల్ ఎలా వస్తుందో చూడండి. పుస్తకం ఎంత కష్టమో కొలిచే ‘లెక్సైల్’ అనే పద్ధతి ప్రధానంగా వాక్యం పొడవునీ, పదాలు వాడుకలో ఎంత తరచుగా కనిపిస్తాయన్నదాన్నీ లెక్కేస్తుంది. 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారైన ఫ్లెష్–కిన్‌కెయిడ్ సూత్రం వాక్యానికి ఎన్ని పదాలో, పదానికి ఎన్ని సిలబుల్సో (పలికే ముక్కలో) చూస్తుంది. బొమ్మ పాఠానికి తోడ్పడుతోందా, విషయం సరైనదేనా అన్నవి ఈ లెక్కల్లోకి రావు.

నాన్‌ఫిక్షన్‌లోనే ఈ లెక్క ఎక్కువ తప్పుతుంది. ‘గాలి వేడెక్కింది. అది పైకి వెళ్ళింది. చల్లగాలి వచ్చింది.’ ఇవి చిన్న వాక్యాలు కాబట్టి సూత్రం సులువంటుంది. ‘గాలి వేడెక్కితే తేలికవుతుంది, అందుకే పైకి లేస్తుంది, అది వదిలిన చోటికి చుట్టుపక్కల చల్లగాలి వచ్చి చేరుతుంది.’ దీన్ని కష్టమంటుంది. కానీ బిడ్డకు అర్థమయ్యేది రెండోదే. మొదటిదాంట్లో ‘అందుకే’ లేదు, కారణాన్ని పిల్లే ఊహించుకోవాలి. అలాగే ‘కిరణజన్య సంయోగక్రియ’ వంటి మాటను బొమ్మతో వివరించి, పేజీ పేజీకీ మళ్లీ వాడితే అది కష్టమే కాదు. పైగా ఇంగ్లిష్ కోసం కట్టిన సూత్రాలను తెలుగుకు తగిలిస్తే ఫలితం ఇంకా అస్తవ్యస్తం. విభక్తులు, సంధులు కలిసిన మామూలు మాట కూడా వాటికి పొడుగాటి కష్టపదంలాగే కనిపిస్తుంది.

అందుకే మీ అమ్మాయి రాత్రుళ్లు కూర్చోవాల్సి వస్తోంది. ఆ పనిని ఇలా చేయమనండి. పుస్తకం మొదటి పేజీ చూసి తేల్చకూడదు, అది చాలాసార్లు తేలిగ్గానే ఉంటుంది. మధ్యలో అసలు పాఠం, పక్క పెట్టెలో సమాచారం, బొమ్మ కింది వివరణ, మూడూ చూడాలి. చాలా పుస్తకాల్లో పాఠం నాలుగో తరగతికి తగ్గట్టు ఉంటే, పక్క పెట్టె ఎనిమిదో తరగతిలా ఉంటుంది. తర్వాత ఒక పిల్లతో 100 పదాలు చదివించాలి. ఒక్క తప్పుకు మించకపోతే సొంతంగా చదువుకోగలదు, అయిదు దాకా అయితే పెద్దవాళ్ల తోడుతో నడుస్తుంది, పది దాటితే ఆ పుస్తకం ఆ పిల్లకు ఇప్పుడు వద్దు. తెలుగులో చిన్నపిల్లలకు 50 పదాలు చాలు, తప్పుల లెక్క కూడా సగం చేసుకోవాలి. ఆ వెంటనే పుస్తకం మూసి ‘ఏం చెప్పారు?’ అని అడగాలి. గడగడా చదివి ఏమీ చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఈ అడుగు వదిలేస్తే పరీక్ష మొత్తం వృథా.

కాపీరైట్ పేజీలో పునర్ముద్రణ ఏడాదిని కాదు, ఎడిషన్ ఏడాదిని చూడాలి. నిన్న అచ్చయిన పుస్తకంలో పాతికేళ్ల నాటి పాఠం ఉండొచ్చు. ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహంగా మార్చారు. ఇంకా తొమ్మిది గ్రహాలంటున్న పుస్తకం లెవెల్ ఎంత చక్కగా కుదిరినా వద్దు. విషయసూచిక, పదకోశం, చివర అకారాది సూచిక లేకపోతే, పిల్ల తనకు కావలసింది వెతుక్కోలేదు.

ఒక్కో అంశానికి ఒకే లెవెల్ పుస్తకాలు కొనడం తరచుగా జరిగే పొరపాటు. అగ్నిపర్వతాల మీద నాలుగు కొంటే ఒకటి తేలిక, రెండు తరగతికి సరిపడేవి, ఒకటి పై స్థాయిది ఉండాలి. ఆ తేలికది చంటిపిల్లల పుస్తకంలా కనిపిస్తే చదవడంలో వెనకబడ్డ ఆరో తరగతి పిల్లాడు సిగ్గుపడి ముట్టుకోడు. ఆసక్తి, ముందే ఉన్న పరిజ్ఞానం కూడా చాలా దూరం లాక్కెళతాయి. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో, బేస్‌బాల్ గురించి బాగా తెలిసిన బలహీన పాఠకులు, ఆట తెలియని మంచి పాఠకులకంటే ఆ ఆట మీది పాఠాన్ని బాగా గుర్తుంచుకున్నారు. పాముల పిచ్చి ఉన్న బిడ్డకు ‘ఇది నీ లెవెల్ కాదు’ అని పుస్తకం లాక్కోకూడదు. పుస్తకాల వీపున లెవెల్ స్టిక్కర్లు అంటించడం వద్దని అమెరికా స్కూల్ లైబ్రేరియన్ల సంఘమే చెప్పింది. ఎవరిది ఏ లెవెలో తరగతి మొత్తానికీ తెలిసిపోతుంది.

ఇక డేటా ఎనలిటిక్స్. గణాంకాలు ఇష్టమైనవాళ్లకు అది మంచి రంగమే. కానీ మీరనుకుంటున్నలాంటి కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పట్టికలు శుభ్రం చేయడం, గ్రాఫులు గీయడం వంటి తొలిమెట్టు పనులే అక్కడ ఎక్కువగా నేర్పుతారు, యంత్రాలు ముందుగా అందుకుంటున్నవీ అవే. యాప్‌లకు భయపడి పారిపోయేవాళ్లు పోవాల్సిన చోటు అదా? మీ ఉత్తరంలో అమ్మాయికి గణితం ఇష్టమో కాదో ఒక్క మాటైనా లేదు. పక్కింటివాళ్ల పిల్లలు ఏం చేస్తున్నారో చూసి మీ పిల్ల బతుకు నిర్ణయించకండి.

లైబ్రరీ ఉద్యోగాలు కుప్పలుగా ఉంటాయని మాత్రం చెప్పను. చాలా స్కూళ్లలో ఒక్కటే పోస్టు ఉంటుంది, కొన్నిచోట్ల అదీ వేరే పనులతో కలిపి ఇస్తారు. అందుకని టీచర్ శిక్షణ కూడా తోడు చేసుకుంటే మేలు. జువాలజీ చదివి, పిల్లల సైన్సు పుస్తకంలో తప్పు పట్టగలిగి, లెవెల్ తేల్చగలిగిన మనిషి బాలల పుస్తక ప్రచురణ సంస్థలకూ, పఠన కార్యక్రమాలకూ పనికొస్తుంది. భయపడాల్సిందేమీ లేదమ్మా, తను ఎంచుకున్న పని తేలికైనది కాదు, తక్కువదీ కాదు.

ఇప్పుడు చేస్తున్న జాబితాలో ప్రతి పుస్తకం పక్కన నాలుగు ముక్కలు రాయమనండి: ఎడిషన్ ఏడాది, చదివించి చూసిన పిల్లల తరగతి, తప్పుల లెక్క, ఎందుకు తీసుకుంది లేదా వదిలేసింది. వదిలేసినవాటిని కొట్టేయొద్దు, కారణంతో సహా ఉంచమనండి. రేపు ఇంటర్వ్యూకి సర్టిఫికెట్‌తోపాటు తీసుకెళ్లాల్సింది ఆ జాబితానే.