మాత్ర వేసుకున్న తర్వాతి కథ

బెంగళూరు, జయనగర్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మారతహళ్లి పీజీ, మంచాల మధ్య తాడు మీద ఆరని లుంగీలు, అనంతపురం నుంచి రాత్రి బస్సులో దిగిన అక్క, అన్నీ నిలబడ్డాయి. కుర్రాడికి చెవిలో మాటలు మొదలయ్యే చోటు ఇంకా బాగుంది. ఆ తర్వాతే కథ నీ చెయ్యి జారింది. డాక్టరు ఎమ్మారై ఫిల్ము లైటుకెత్తి 'జబ్బు ఇదిగో' అంటాడు. మాత్ర వేసుకున్న మర్నాడే మీవాడు నవ్వుతూ ఆఫీసు క్యాబెక్కుతాడు. రెండూ జరగవు. వాడిలోంచి రెండో మనిషి బయటికి రావడం సినిమాల పుణ్యం, కొట్టెయ్.

మీవాడి జబ్బు స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడి, లేనిపోని అనుమానాలు పట్టే మానసిక వ్యాధి. అందులో మెదడు మారుతుందన్నది నిజమే. 1976లో లండన్‌లో సీటీ స్కాన్లు తీసి చూస్తే, మెదడు లోపల ద్రవం ఉండే గదులు పెద్దవిగా కనబడ్డాయి. నుదుటి వెనక భాగంలో, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోకాంపస్‌లో పదార్థం కొంత తగ్గుతుందని తర్వాత తేలింది. కానీ ఇవన్నీ చాలామందిని కలిపి సగటు తీస్తే తెలిసే తేడాలు. ఒక్కడి ఫిల్ము చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పడం ఎవరి వల్లా కాదు. స్కాన్ రాసేది కణితిలాంటి ఇంకో కారణం లేదని తేల్చుకోవడానికే. 'నార్మల్' అని రాసున్న రిపోర్టు పట్టుకుని, అంతా బాగుంటే మరి వీడికేమైందని అక్క వరండాలో నిలబడిపోతే? నీ డాక్టరు డైలాగు కంటే అది బరువైన సీను.

ఇక మందు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందు ఇచ్చి ఫలితం చూసినప్పుడు, అదెలా పనిచేస్తుందో ఇచ్చినవాళ్లకే తెలీదు. తర్వాత తెలిసింది: మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమీన్ అనే రసాయనం వచ్చి కూర్చునే చోట్లను, అంటే డి2 గ్రాహకాలను, ఇది ముందే ఆక్రమిస్తుంది. బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు ఆపినట్టు. ఆ గుడ్డ ప్రయాణం చెయ్యదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు. మనసుకు 'ఇది పట్టించుకో' అని చెప్పడం డోపమీన్ పనుల్లో ఒకటి. మెదడు లోపల స్ట్రయేటమ్ అనే చోట అది అతిగా విడుదలైతే ఎదురింటి గేటు చప్పుడూ, బస్సు నంబరూ, టీవీ యాంకరు చూపూ తనకోసమే అనిపిస్తాయి. మందు ఆ బరువు తగ్గిస్తుందే గానీ నమ్మకాన్ని వేళ్లతో పెరికెయ్యదు. గ్రాహకాలు గంటల్లోనే మూసుకుంటాయి, అనుమానం సడలడానికి వారాలు పడుతుంది. చాలామంది మొదట అనేది 'మాటలు ఆగిపోయాయి' అని కాదు, 'వినబడుతున్నాయి గానీ పోనీలే' అని. ఆ 'పోనీలే'కి నువ్వు కనీసం రెండు పేజీలు ఇవ్వాలి.

మోతాదు కూడా కత్తి మీద సామే. డి2లలో సుమారు 65 శాతం మూసుకుంటే గుణం కనబడుతుంది, 80 దాటితే ఒళ్లు బిగుసుకోవడం, వణుకు మొదలవుతాయి. ఒకరోజు ఏదైనా మానసిక వైద్యశాల ఓపీ బయట కూర్చో. నోట్‌బుక్కు తియ్యకు. బెంచీ మీద ఎవరో కుర్రాడు కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి ఎత్తి దించుతుంటాడు, కూర్చున్నచోటే నడుస్తున్నట్టు. పక్కనే టిఫిన్ క్యారియరుతో అమ్మ 'కుదురుగా ఉండరా' అంటుంది. అది వాడి చేతుల్లో లేదు, మందు తెచ్చిన అలజడి. మిగతా మందులకు లొంగనివాళ్లకు క్లోజపీన్ ఇస్తారు. రాత్రంతా లాలాజలం కారుతుంది, దిండు మీద తువ్వాలు పరుచుకోవాలి. కొద్దిమందిలో తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. నీ కథలో సూదే లేదు.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వేరు. ఈ మందులకు ఎక్కువగా లొంగేవి మాటలు, అనుమానాలు. స్నానం చెయ్యబుద్ధి కాకపోవడం, ఫోనెత్తలేకపోవడం, అక్క వచ్చినా మాట పెగలకపోవడం, వీటి మీద వాటికి పెద్ద పట్టు లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. నువ్వు కథ ముగించిన చోటే వీళ్ల సంసారం మొదలవుతుంది: మాటలు తగ్గాయి, మనిషి ఇంకా తిరిగి రాలేదు, అక్కకు సెలవు అయిపోతోంది.

అక్కడినుంచి రాసి పంపు. డాక్టరును రెండు వాక్యాలకు కుదించు. అక్క వంట మాత్రం ముట్టుకోకు. పేజీలకు నంబర్లు వెయ్యి, ఈసారి 7 తర్వాత 9 వచ్చింది.