కత్తి దెబ్బ తగ్గడం, పల్టీ ఆలస్యం కావడం గురించి
డార్క్ సోల్స్ వీడియో గేమ్ మొదటి భాగంలో (2011) చర్చి పైకప్పు మీద బెల్ గార్గాయిల్‌లు అనే రెక్కల రాక్షసుల చేతిలో పదేపదే ఓడిపోతున్నారని, పల్టీ కొట్టబోతే పాత్ర బస్తాలా కూలబడుతోందని, కత్తి దెబ్బ మునుపటంత గట్టిగా తగలడం లేదని రాశారు. మీ నేర్పు కంటే సామగ్రి వల్లే ఎక్కువ ఇబ్బంది కలుగుతోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కవచం, ఆయుధం, డాలు కలిసి మీరు మోయగలిగిన బరువులో 50 శాతం దాటితే పల్టీ మందగిస్తుంది. శిరస్త్రాణం తీసేయవలసి వచ్చినా సరే, ఆ గీత లోపలే ఉండండి.

ఇక కత్తి సంగతి. మన్నిక బాగా పడిపోయినప్పుడు తెర మీద ఆయుధం విరిగే ప్రమాదముందన్న హెచ్చరిక వస్తుంది, అక్కడి నుంచి దెబ్బ బలం తగ్గుతుంది. రెండవ భాగంలో బాన్‌ఫైర్ (పాత్ర విశ్రాంతి తీసుకునే మంట) దగ్గర కూర్చుంటే, పూర్తిగా విరగని ఆయుధం దానంతటదే బాగుపడుతుంది కానీ ఇందులో అలా జరగదు. చర్చి నుంచి కిందికి దిగితే కనిపించే కమ్మరి ఆండ్రే దగ్గర సోల్స్ (ఆటలో డబ్బులా చెల్లేవి) ఇచ్చి బాగుచేయించుకోండి. అతని వద్దే రిపేర్ బాక్స్ కొంటే, ఆపైన ఏ బాన్‌ఫైర్ దగ్గరైనా ఆ పని మీరే చేసుకోవచ్చు.

పోరులో డాలు ఎత్తి ఉంచినంతసేపూ స్టామినా (దెబ్బ వేయడానికి, పల్టీ కొట్టడానికి ఖర్చయ్యే ఓపిక) నెమ్మదిగా నిండుతుంది. గార్గాయిల్ ఆయుధం ఝుళిపించడం ముగించగానే ఒకటి రెండు దెబ్బలు మాత్రమే వేసి, వెనక్కి జరిగి డాలు దించి, స్టామినాను చూపే ఆకుపచ్చ గీత నిండాకే మళ్ళీ దగ్గరకు వెళ్ళండి.