అంచుల దగ్గర ఫోర్సింగ్‌కి సీటు లేదు

అడిగింది ఇది: చెబిషెవ్ స్పెక్ట్రల్ పద్ధతిలో (ఎంచుకున్న కొన్ని బిందువుల గుండా పోయే పాలినామియల్‌తో జవాబు లెక్కించే పద్ధతి) రెండో ఆర్డర్ ఈక్వేషన్‌కి బౌండరీ కండిషన్లు (అంచుల్లో జవాబు ఎంతుండాలో చెప్పే షరతులు) పెట్టాక, అంచు బిందువుల దగ్గర ఫోర్సింగ్ టర్మ్ (ఈక్వేషన్ కుడిపక్క ఇచ్చే తెలిసిన ఫంక్షన్) విలువలు ఉంచాలా, తీసేయాలా?

తీసేయాలి. మూడు రోజులు నిద్ర చెడగొట్టుకుని తెలుసుకున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

జవాబు రెండో డెరివేటివ్ ఫోర్సింగ్‌కి సమానం అనే ఈక్వేషన్‌కి నేను మొదటిసారి సాల్వర్ (జవాబు లెక్కించే ప్రోగ్రాం) రాసినప్పుడు మాట్రిక్స్‌లో పై వరస, కింది వరస పీకేసి, అంచు దగ్గర 1, మిగతా చోట్ల 0 ఉన్న వరసలు పెట్టాను. మైనస్ 1 దగ్గరా, 1 దగ్గరా జవాబు సున్నా కావాలి, అంతే. టెస్టుకి జవాబు సైన్ పై ఎక్స్ (sin πx) అయ్యేలా ఫోర్సింగ్ ఇచ్చాను. పది దశాంశ స్థానాలకు పైగా సరిపోయింది. ఇక తిరుగులేదనుకున్నా.

తర్వాత ఫోర్సింగ్‌గా ఈ పవర్ ఎక్స్ (e^x) ఇచ్చాను. గ్రాఫ్ నున్నగా వచ్చింది గానీ, చేత్తో చేసిన జవాబుతో పోలిస్తే ఎక్కడా కుదరలేదు. బిందువుల లెక్కను తేల్చే ఎన్ విలువ 16 నుంచి 32, 64 చేశాను. తేడా ఇసుమంతైనా తగ్గలేదు. లోపలి బిందువుల్లో రెసిడ్యువల్ (ఈక్వేషన్ రెండువైపుల మధ్య మిగిలే తేడా) చూస్తే దాదాపు సున్నా! అంటే ఈక్వేషన్ తు.చ. తప్పకుండా పాటిస్తోంది, జవాబు మాత్రం తప్పు. చేత్తో చేసిన లెక్కనే నాలుగుసార్లు దిద్దాను.

మూడో రాత్రి గ్రాఫ్ పక్కన పెట్టి అంకెలు ప్రింట్ చేశాను. మొదటిది 2.718. చివరిది 0.368. అప్పుడు వెలిగింది. నేనిచ్చిన ఈ పవర్ ఎక్స్‌నే సాల్వర్ జవాబుగా తిరిగి నా చేతిలో పెట్టింది. మాట్రిక్స్‌లో వరసలు మార్చాను గానీ, కుడిపక్క వెక్టర్‌లో ఆ రెండు చోట్లా ఫోర్సింగ్ విలువలు అలాగే కూర్చున్నాయి. దాంతో ఆ వరసలు "అంచులో జవాబు సున్నా" అనడం మానేసి "అంచులో జవాబు ఫోర్సింగ్ ఎంతో అంత" అంటున్నాయి. ఈ పవర్ ఎక్స్‌ని రెండుసార్లు డిఫరెన్షియేట్ చేసినా అదే వస్తుంది కదా, అన్నీ చక్కగా కుదిరిపోయాయి. మరి మొదటి టెస్టులో ఎందుకు దొరకలేదంటారా? సైన్ పై ఎక్స్ రెండు అంచుల్లోనూ సున్నాయే, దాని ఫోర్సింగూ సున్నాయే. దొంగకే తాళాలిచ్చి కాపలా పెట్టాను.

మొత్తం ఎన్ ప్లస్ 1 బిందువులు, అన్నే ఈక్వేషన్లు. అందులో రెండు బౌండరీకి ఇచ్చేశాక అక్కడ ఫోర్సింగ్ చెప్పేదేమీ ఉండదు. ఆ చోట బౌండరీ విలువే రాయాలి, అది సున్నా అయినా సరే.

నా తప్పు జవాబులోంచి సరైన జవాబు తీసేస్తే మిగిలింది శుద్ధమైన సరళరేఖ. రెండో డెరివేటివ్ మాత్రమే ఉన్న ఈక్వేషన్లో తేడా గీతలా వస్తే ఇంకెక్కడా వెతక్కండి, బౌండరీనే పట్టుకోండి.

పుస్తకాల మీదా నాకు కోపమే. ఉదాహరణలు ఎక్కువగా అంచుల్లో సున్నాతోనే ఇస్తారు. పైగా చెబిషెవ్ బిందువుల్ని కొసైన్‌తో రాస్తే 1 నుంచి మైనస్ 1కి వెనక్కి నడుస్తాయి, మొదటి వరస కుడి అంచుది. రెండువైపులా సున్నాలే పెడుతూ పోతే కుడి ఎడమలు తారుమారైనా ఎవడికి తెలుస్తుంది?

ఈ గొడవంతా ఎందుకు, ఫూరియర్ పద్ధతి (సైన్, కొసైన్ తరంగాలతో లెక్కించేది) వాడుకోమంటారు కొందరు. సమస్య పీరియాడిక్ (ఒకే నమూనా మళ్లీ మళ్లీ వచ్చేది) అయితే వాడుకోండి. అక్కడ మాత్రం ఇదే ఈక్వేషన్‌కి ఫోర్సింగ్ సగటు సున్నా కాకపోతే అసలు జవాబే ఉండదు, జీరో మోడ్ (సగటును మోసే భాగం) దగ్గర సున్నాతో భాగించి కూర్చుంటారు. కాకపోతే స్క్రీన్ నిండా నాన్‌లు (NaN, అంటే "ఇది అంకే కాదు" అనే గుర్తు) వచ్చి అదే అరిచి చెబుతుంది. నా సాల్వర్‌లా మూడు రోజులు నవ్వుతూ మోసం చేయదు.