డార్క్ చాక్లెట్ తింటున్నాను, బీపీ మాత్ర తగ్గించొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 61 ఏళ్లు. బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ 5 ఎం.జి. వేసుకుంటున్నాను. అమెరికాలో ఉండే మా అమ్మాయి వచ్చినప్పుడల్లా 85 శాతం డార్క్ చాక్లెట్లు తెస్తుంది. అవి తింటే రక్తనాళాలు బాగుపడతాయని, గుండెపోటు రాదని వాకింగ్‌కి వచ్చేవాళ్లు చెబుతున్నారు. రాత్రి భోజనం అయ్యాక 100 గ్రాముల బార్‌లో సగం తింటున్నాను. ఈ మధ్య మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నా బీపీ 134/82 దాటడం లేదు. ఇలాగే కొనసాగించొచ్చా? మావారికి షుగరుంది, క్రియాటినిన్ కాస్త ఎక్కువ. ఆయన కూడా తినొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి. ఈ రోజు నుంచి మళ్లీ రోజూ వేసుకోండి. ఆమ్లోడిపిన్ ఒంట్లో నిదానంగా తగ్గే మందు. ఒక పూట మానినా దాని పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. అందుకే మీకు అంకె పెరగలేదు. అది చాక్లెట్ చేసిన మేలు అనుకోకండి. విజయవాడలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో బీపీ బాగుందని మాత్ర తమంతట తామే తగ్గించుకునేవాళ్లను చూస్తూనే ఉంటాను. నాకు భయం వేసేది అక్కడే.

చాక్లెట్‌లో ఏమీ లేదని నేను అనను. కోకో గింజలో ఫ్లావనాల్స్ అనే సహజ పదార్థాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ఎపికాటెకిన్. దీనివల్ల రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా విడుదల చేస్తుంది, నాళం గోడలోని కండరం సడలుతుంది, రక్తం సులువుగా పారుతుంది. పనామా దేశపు దీవుల్లో ఉండే కూనా తెగవాళ్లు కోకో పానీయం బాగా తాగుతారు, వాళ్లలో వయసు పైబడినా బీపీ అంతగా పెరగదు. వాళ్లే పట్నానికి వలస వచ్చాక పెరిగింది. శాస్త్రవేత్తల దృష్టి కోకో మీద పడింది ఆ తెగను చూసే.

అయితే ఆ మేలు ఎంత? కోకో మీద జరిగిన 35 పరిశోధనలను కలిపి 2017లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ లెక్క కడితే బీపీ సగటున 2 పాయింట్లు కూడా తగ్గలేదు. అదే ఉప్పు రోజుకు 4 గ్రాములకు పైగా తగ్గించిన బీపీ రోగుల్లో పై అంకె సగటున 5 పాయింట్ల దాకా దిగింది. మన గుంటూరు ఇళ్లలో పప్పన్నంలో ఆవకాయ, చివర పెరుగన్నంలో మళ్లీ గోంగూర పచ్చడి. మీ బీపీకి మందు ఆ ఉప్పు తగ్గించడంలో ఉందమ్మా. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్ద వయసువాళ్లతో చేసిన కాస్మోస్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే తగ్గాయని గట్టిగా తేలలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువ కనిపించాయి. ఇది ఆశ కలిగించే విషయమే. కానీ వాళ్లకిచ్చింది 500 మి.గ్రా. ఫ్లావనాల్స్ ఉన్న క్యాప్సూళ్లు, చాక్లెట్ కాదు.

ఆ రెండూ ఒకటి కావు. ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంటగా వేస్తారు. మా బంధువుల తోటలో దగ్గరుండి చూశాను. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలు, లోపల కోస్తే ఊదా రంగు. చెక్కపెట్టెల్లో పోసి అయిదారు రోజులు పులియబెడతారు, ఎండబెడతారు. అప్పటికి ఆ ఊదా రంగు గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో వేయిస్తారు. చాక్లెట్ వాసన వచ్చేది ఇలాగే, ఫ్లావనాల్స్ చాలావరకు పోయేదీ ఇక్కడే. చేదు తగ్గడానికి ఆల్కలీ (క్షారం) కూడా కలిపితే మిగిలినదాంట్లోనూ చాలావరకు పోతుంది. రేపరు వెనక ‘ఆల్కలైజ్డ్’ అన్న మాట ఉందేమో చూడండి. 85 శాతం అన్నదాన్ని బట్టి ఫ్లావనాల్స్ ఎన్నో చెప్పలేం, అందులో కోకో వెన్న అనే కొవ్వు కూడా కలిసే ఉంటుంది.

సగం బార్ అంటే దాదాపు 300 క్యాలరీలు, అయిదు ఇడ్లీలంత. అందులో సంతృప్త కొవ్వు 12 గ్రాముల వరకు ఉంటుంది. 2022 చివర్లో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే అమెరికన్ సంస్థ 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నిటిలోనూ సీసం, కాడ్మియం అనే విషలోహాలు కనిపించాయి. ఎప్పుడో ఒకసారి తింటే ఇబ్బంది లేదు, రోజూ 50 గ్రాములు మాత్రం వద్దు. మీకు ఇష్టమైతే ఒక చిన్న ముక్క, అదీ మధ్యాహ్నం తినండి. అందులో కెఫీన్ ఉంటుంది కాబట్టి రాత్రి తింటే కొందరికి నిద్ర చెడుతుంది.

మీవారికి ప్రస్తుతానికి వద్దు. క్రియాటినిన్ ఎక్కువంటే కిడ్నీల పని తగ్గి ఉండొచ్చు, అప్పుడు పొటాషియం రక్తంలో పేరుకునే ప్రమాదం ఉంది. డార్క్ చాక్లెట్‌లో పొటాషియం 100 గ్రాములకు 700 మి.గ్రా. దాకా ఉంటుంది. కాడ్మియం పేరుకునేది ముఖ్యంగా కిడ్నీల్లోనే. రక్తంలో పొటాషియం పరీక్ష చేయించి, ఆ రిపోర్టు ఆయన్ని చూసే డాక్టరుకి చూపించండి. ఆ డాక్టరు సరే అంటే అప్పుడు మీరు తినే చిన్న ముక్కలోంచే సగం పెట్టండి.