ఫార్ములాలు తెలిసినా ఖాళీ ఎక్సెల్ షీటు ముందు చేయి ఆడటం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బి.కాం. పూర్తయింది. నూటికి పైగా ఎక్సెల్ ఫార్ములాలు నోటు పుస్తకంలో రాసుకున్నారు. అయినా ఇంటర్వ్యూలో అమ్మకాల ఫైలు ఒకటి ఇచ్చి నెలవారీ మొత్తాలు తీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. గాజువాకలో నాన్నగారికి హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరితే సరిపోతుందా అని అడిగారు. మీకు ఫార్ములాల కొరత లేదు. చిట్టా రాసే అలవాటు లేదు. నాకూ ఒకప్పుడు లేదు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

నేను 2021 నుంచి విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల వ్యాపారి ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. మా పెద్ద గుమస్తా గారిని బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన కంప్యూటర్ ముట్టరు. నాకు ఎక్సెల్ వచ్చిందంటే సగం ఆయన చలవే.

పాత పద్ధతిలో లెక్క రాసేవారికి రెండు పుస్తకాలు ఉంటాయి. చిట్టాలో ఏ రోజు జరిగినది ఆ రోజు, జరిగిన వరసలోనే ఎక్కుతుంది. ఆవర్జాలో అవే పద్దులు మనిషివారీగా, ఖాతావారీగా మళ్లీ ఎక్కుతాయి. చిట్టా లేకుండా నేరుగా ఆవర్జా రాస్తానంటే ఏ యజమానీ ఒప్పుకోడు. కంప్యూటర్ ముందు కూర్చోగానే మనలో చాలామందిమి చేసేది మాత్రం అదే.

నా మొదటి షీటు అలాంటిదే. అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా చేపల పేర్లు, పైన నాలుగు గడులు కలిపి రంగు వేసిన శీర్షిక, ప్రతి ఐదు వరుసల తర్వాత ఒక మొత్తం. చూడటానికి ముచ్చటగా ఉండేది. ‘ఫలానా బోటు కిందటి వేటలో ఎంత కోనెం చేప తెచ్చింది?’ అని యజమాని అడిగారు. ఆ షీటులో జవాబు లేదు. బోటు పేరు, తేదీ అన్నీ నేనే మొత్తాల్లో కలిపేసి పోగొట్టాను. బాబాయిగారు తన చిట్టా తిరగేసి క్షణంలో చెప్పారు.

ఆ రాత్రే షీటు మొదటి నుంచి వేశాను. తేదీ, బోటు నంబరు, చేప, పరిమాణం, కొలత, ధర, కొన్నవారు. ఏడు నిలువు గడులు, అంతే. ఒక బోటు ఒడ్డుకు వచ్చి నాలుగు రకాల చేపలు దింపితే నాలుగు వరుసలు. మధ్యలో ఖాళీ వరుస ఉండదు, కలిపిన గడి ఉండదు, మొత్తం ఉండదు. ‘3 బుట్టలు’ అని ఒకే గడిలో రాస్తే ఎక్సెల్‌కు అది అంకె కాదు, మాట. కూడికలో అది చేరదు. అందుకే 3 ఒక గడిలో, బుట్ట అనే మాట పక్క గడిలో. తర్వాత కంట్రోల్, టి కలిపి నొక్కితే ఆ వరుసలన్నీ ఒక టేబుల్ అవుతాయి. రేపు కింద ఇంకో వరుస చేర్చినా దాని మీద కట్టిన లెక్కలు దాన్నీ కలుపుకుంటాయి. పివట్ టేబుల్ అని భయపెట్టే ఆ పరికరం నిజానికి మన ఆవర్జాయే. బోటువారీగా కావాలంటే బోటువారీగా, నెలవారీగా కావాలంటే నెలవారీగా చిట్టాను తిరిగి పేర్చి ఇస్తుంది. చిట్టా మారినప్పుడు రిఫ్రెష్ నొక్కడం మాత్రం మరవకూడదు. మీ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

ఇంత చేసినా 2022 ఏడాది లెక్కలు తప్పాను. ఈ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఫైలులోనూ ఇది ఎదురవుతుంది.

జెట్టీ దగ్గర ఫోనులో ఎక్కించిన పద్దులు నాకు సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా వచ్చేవి. తేదీలు మనం రాసినట్లే, ముందు రోజు, తర్వాత నెల. నా కంప్యూటర్ మాత్రం అమెరికా పద్ధతిలో ఉంది, ముందు నెల, తర్వాత రోజు. నెల తీయడానికి మంత్ ఫార్ములా పెట్టాను. సగానికి పైగా వరుసల్లో తప్పు అని చూపించింది. అప్పుడు నేను చేయకూడని పని చేశాను. ఇఫ్‌ఎర్రర్ పెట్టి ఆ తప్పుల్ని కనబడకుండా ఖాళీగా మార్చాను. నెలవారీ మొత్తాలు చక్కగా వచ్చాయి. కాగితం మీద అచ్చు తీసి బల్ల మీద పెట్టాను.

బాబాయిగారు కళ్లద్దాలు సర్దుకుని మే నెల దగ్గర వేలు పెట్టారు. ‘మేలో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కదమ్మా, ఈ సరుకు ఎక్కడిది?’

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. మే నెల మొత్తం అందులోనే ఉంటుంది. హార్బర్‌లో పసిపిల్లవాడికీ తెలిసిన సంగతి నా షీటుకు తెలియదు. వెతికితే తేలింది ఇది. 05/07/2022, అంటే జూలై 5, మే 7 అయింది. ఆగస్టు 5 మే 8 అయింది. ప్రతి నెలా 5వ తేదీన దిగిన సరుకంతా వెళ్లి మేలో కూర్చుంది. 13వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్నవి అసలు తేదీలే కాలేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు కదా. అవి ఉత్త మాటలుగా మిగిలిపోయాయి. నేను ఖాళీగా మార్చి దాచింది వాటినే.

అప్పటినుంచి ఏ ఫైలు వచ్చినా ముందు తేదీల గడి చూస్తాను. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 దానికి 1. గడి ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చితే ఆ అంకె కనబడుతుంది. జూలై 5, 2022 అయితే 44747 రావాలి. 44688 వచ్చిందంటే యంత్రం దాన్ని మే 7గా చదివిందని అర్థం. ఏమీ మారకుండా 13/07/2022 అలాగే ఉంటే అది తేదీ కాదు, మాట. ఇలా చెడిన షీటును ఒక్కొక్క గడిగా దిద్దుకుంటూ కూర్చోవద్దు. అసలు ఫైలు మళ్లీ తెప్పించి, లోపలికి తెచ్చుకునేటప్పుడే ఆ గడి రోజు-నెల-సంవత్సరం వరసలో ఉందని చెప్పండి. ఈ చిక్కు శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మార్చ్1, సెప్ట్2 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం 2020లో ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది.

తేదీల తర్వాత పేర్లు. ఒకరు కోనెం అని రాస్తారు, ఒకరు కోనాం అని, ఇంకొకరు వంజరం అని. చేప ఒకటే, పివట్ టేబుల్‌లో మూడు వరుసలు. పేరు చివర ఒక్క ఖాళీ పడినా నాలుగోది తయారు. ఖాళీలు తీసేయడానికి ట్రిమ్ అనే ఫార్ములా ఉంది. పేర్లకు మాత్రం వేరే షీటులో ఒక పట్టిక వేసుకోవాలి. ఎడమ గడిలో జనం రాసేవన్నీ, కుడి గడిలో మనం పెట్టుకున్న ఒకే పేరు. పట్టికలో వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములాతో చిట్టా పక్కన సరైన పేరు తెచ్చుకోవచ్చు. పాత ఎక్సెల్ ఉన్న ఆఫీసుల్లో ఎక్స్‌లుకప్ ఉండదు, వీలుకప్ వాడాలి. దాని చివర ఫాల్స్ అని రాయడం మరిచిపోతే పేరు దొరకనప్పుడు దగ్గరలో ఉన్న ఇంకేదో పేరు తెచ్చి పెడుతుంది, తప్పు అని కూడా చెప్పదు. మీ దుకాణంలో అంగుళం పైపు, 1 ఇంచ్ పైపు, పీవీసీ 1 అని మూడు రకాలుగా రాసి ఉంటారని నా అనుమానం. ముందు వాటిని ఒకటి చేయండి.

ఇక విశ్లేషణ. ఇక్కడ అందరూ సగటు దగ్గర పడిపోతారు. మా యజమానికి కిలో చేపకు ఎన్ని లీటర్ల డీజిలు ఖర్చవుతోందో కావాలి. ఒక వేటలో 800 లీటర్లు పోసి 400 కిలోలు తెచ్చారనుకోండి, కిలోకు 2 లీటర్లు. ఇంకో వేటలో 1,000 లీటర్లకు 2,000 కిలోలు, కిలోకు అర లీటరు. ఈ రెండింటికీ సగటు తీస్తే 1.25 వస్తుంది. ఆ అంకె తప్పు. మొత్తం డీజిలు 1,800 లీటర్లు, మొత్తం చేపలు 2,400 కిలోలు, అంటే కిలోకు 0.75 లీటరు. నిష్పత్తులకు సగటు తీయకూడదు. పైన ఉన్నవి కూడి, కింద ఉన్నవి కూడి, అప్పుడు భాగించాలి. పివట్ టేబుల్‌లో నిష్పత్తి గడిని పెట్టి ఆవరేజ్ అంటే అది మారు మాట్లాడకుండా 1.25 ఇస్తుంది. మీ దుకాణంలో లాభ శాతం లెక్కకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకొక్క అలవాటు. ఫైలు రాగానే వరుసలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి, పంపినవారిని ఎన్ని పంపారో అడగండి. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. ఇప్పటి ఫైలులో 10,48,576 వరుసలు పడతాయి కానీ, వరుసలు జారిపోవడానికి కారణాలు ఇంకా చాలా ఉంటాయి.

కోచింగ్ సంగతి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే, రోజూ ఒక వేళకు కూర్చోబెట్టేవారు కావాలనుకుంటే చేరండి, తప్పు లేదు. అయితే అక్కడ ఇచ్చే ఫైళ్లు ముందే శుభ్రం చేసి ఉంటాయి. ఆఫీసులో అలాంటి ఫైలు నాకు ఒక్కటీ రాలేదు. డబ్బు కట్టేముందు ఒక్క నెల నాన్నగారి బిల్లు పుస్తకం తీసుకోండి. ఎక్సెల్ కొనాల్సిన పని లేదు, గూగుల్ షీట్స్ గానీ లిబ్రె ఆఫీస్ క్యాల్క్ గానీ ఉచితమే. తేదీ, వస్తువు, పరిమాణం, కొలత, ధర, ఎవరికి, నగదా అరువా. రోజుకు ముప్పై బిల్లులైనా ఎక్కించండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఏ పద్దు ఎందుకు తప్పుగా పడుతుందో చేతికి తెలిసేది ఆ విసుగులోనే. నెల నిండాక నాన్నగారిని అడిగి ఆయనకు నిజంగా కావలసిన మూడు ప్రశ్నలు రాసుకోండి. అరువు ఎవరి దగ్గర ఎక్కువ రోజులు నిలిచిపోయింది, ఏ సరుకు అటక మీద కదలకుండా ఉంది, ఏ వారం గల్లా పలచబడుతోంది, ఇలాంటివి. వాటికి షరతుకు సరిపోయిన వరుసల్నే కూడే సమ్‌ఇఫ్స్, పివట్ టేబుల్ చాలు. మీ నోటు పుస్తకంలోని మిగతా తొంభై ఫార్ములాలు అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. వచ్చిన జవాబులు ముందు నాన్నగారికి చూపించండి. ఏ అంకె దగ్గర ఆయన ముఖం చిట్లిస్తారో అక్కడి నుంచి వెనక్కి వెతకండి.

ఎక్కడైనా ఆగిపోతే ఓ ఇరవై వరుసలు ఇక్కడే కింద పెట్టండి, చూసి చెబుతాను. పెట్టేముందు కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు తీసేయండి.