ఏసీనీ ఫ్యాన్లనూ ఈసీయూకే అప్పగించండి, ప్రెషర్ స్విచ్‌ను మాత్రం కాదు

పాత కారుకు బయటి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టించుకున్నాక ఏసీని, కూలింగ్ ఫ్యాన్లను దానికే కలపాలా, లేక విడిగా స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసుకోవాలా అని మీరు అడిగారు. తప్పకుండా ఈసీయూకే కలపండి. ఎప్పుడెంత పెట్రోలు పోయాలో ఈసీయూకు చెప్పే పట్టికల (మ్యాపుల) కోసం నెలల తరబడి శ్రమించి, ఫ్యాన్ల సంగతిని చివరి రోజున ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడం వరంగల్ ఎండల్లో బండి నడిపేవారు ఎంతమాత్రం చేయకూడని పని.

మా బావమరిది పాత ఎస్టీమ్‌కు ఒక షాపువారు మెగాస్క్విర్ట్ అనే బయటి ఈసీయూను అమర్చి ఇచ్చారు. చలికాలమంతా బండి చక్కగా నడిచింది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా అత్తమ్మను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తూ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి లారీల మధ్య ఇరుక్కుపోయాం. ఘాటుకు అద్దాలు దించే వీలు లేదు, ఏసీ గాలి చూస్తుండగానే వేడెక్కింది. ల్యాప్‌టాప్ కలిపి చూస్తే కూలెంట్ ఉష్ణోగ్రత 89 డిగ్రీలే ఉంది. ఫ్యాన్ 95 దగ్గర మొదలయ్యేలా పెట్టారు కనుక అది తిరగనే లేదు. కాసేపటికి, గ్యాస్ ఒత్తిడి మితిమీరితే తెగే ప్రెషర్ స్విచ్, ఏసీ కంప్రెసర్‌ను ఆపింది. ఒత్తిడి తగ్గగానే కంప్రెసర్ మళ్లీ కలిసింది, కలిసిన ప్రతిసారీ ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) పడిపోయి ఇంజిన్ ఆగిపోయింది. పెద్దావిడ చెమటతో తడిసి ముద్దయింది. మరునాడు ఏసీ మెకానిక్ గేజ్ కూడా పెట్టకుండానే "గ్యాస్ అయిపోయింది సార్, నింపితే సెట్ అయితది" అన్నాడు. మన దగ్గర ఏసీకి ఏ జబ్బు వచ్చినా మందు గ్యాసే! గేజ్ పెట్టించి చూస్తే హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వచ్చే వైపు) ఒత్తిడి తక్కువ కాదు, మితిమీరి ఉంది.

కారణం కూలెంట్‌లో లేదు, ఏసీ గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే కండెన్సర్‌లో ఉంది. బయట 44 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు వేడి బయటికి పోవాలంటే లోపలి గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవం కావాలి. ఆర్134ఏ గ్యాస్‌కు ఆ వేడిలో ఒత్తిడి సుమారు 16 బార్ ఉంటుంది. గాలి ఆడకపోతే అది పెరుగుతూ పోయి 30 బార్ దరిదాపుల్లో ప్రెషర్ స్విచ్ తెగి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇంజిన్ వేడెక్కేదాకా ఫ్యాన్ ఎదురుచూస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

అందుకే డాష్‌బోర్డు మీది ఏసీ స్విచ్ సంకేతం ముందుగా ఈసీయూకు చేరాలి. అది ఫ్యాన్ వేసి, ఐడిల్ వాల్వ్‌ను కొంచెం తెరిచి, అర సెకను ఆగి, ఆ తరువాతే కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్‌ను కలపాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, కూలెంట్ 105 దాటినప్పుడు క్లచ్‌ను విడదీయాలి. ఏసీ లేనప్పుడు ఫ్యాన్ 94 దగ్గర మొదలై 89 దగ్గర ఆగితే చాలు. రెండు ఫ్యాన్లు ఉంటే ఒకదాని తరువాత ఒకటి మొదలవ్వాలి, లేకపోతే ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. ఫ్యాన్ పదికి పైగా ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఈసీయూ రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) మాత్రమే నడపాలి, ఆపినప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బ ఈసీయూకు తగలకుండా రిలే కాయిల్‌కు డయోడ్ ఉండాలి. ప్రెషర్ స్విచ్‌ను మాత్రం క్లచ్ రిలే కాయిల్ తీగలోనే వరుసగా ఉంచండి; సాఫ్ట్‌వేర్ తప్పినా, ఈసీయూ లోపల ట్రాన్సిస్టర్ కాలి అతుక్కుపోయినా, కంప్రెసర్‌ను ఆపగలిగేది ఆ స్విచ్చే.

ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేస్తే పరేషాన్ ఉండదని చెప్పే మెకానిక్‌ల మాట వినకండి. కరీంనగర్ రోడ్డు మీద ఎనభైలో పోతున్న కారుకు ఫ్యాన్‌తో పనే లేదు, ఎదురుగాలే చాలు. రోజంతా తిరిగిన మోటారు బ్రష్‌లు మాత్రం అరిగిపోతాయి. కూలెంట్ ప్రవాహాన్ని వేడిని బట్టి నియంత్రించే థర్మోస్టాట్‌ను పీకేసి, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా ఘోరం.

బావమరిది బండికి ఫ్యాన్‌ను ఏసీతో ముడిపెట్టి, ఐడిల్ సరిచేయించాం. అదే గ్యాస్‌తో మే నెలంతా చల్లగా నడిచింది. మీ షాపువారిని బండి అప్పగించే ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో బానెట్ మూసి, ఏసీ పూర్తిగా పెట్టి, అరగంట ఐడిల్‌లో నిలబెట్టి చూపమనండి. ఒప్పుకోకపోతే మిగిలిన డబ్బు ఇవ్వకండి.